ఎర్రమ్మ అడిగిన మాట

వేసవి సెలవుల్లో శ్రీకాకుళం జిల్లా వెళ్లొచ్చానని చెబితే మా నరసరావుపేటలో అందరూ ఒకటే అడిగారు, ఏయే గుళ్లు చూశావని. అరసవల్లి చూడలేదు, శ్రీకూర్మం చూడలేదు. ఒక ముసలాయన్ని ఒక ముసలామె ఇంటికి తీసుకెళ్లి, మళ్లీ జాగ్రత్తగా ఇంటికి చేర్చి వచ్చాను. అంతే నా యాత్ర.

ముసలాయన పేరు గున్నయ్య. నాతో పాటు విశాఖపట్నంలో ఒకే బడిలో పాఠాలు చెప్పే, ఒకే హాస్టల్ గదిలో ఉండే కుమారికి తాత, అమ్మకు తండ్రి. కుర్రతనంలో ఆయన ఉద్దానం తోటల సీమలో ఒక భూస్వామి ఇంట్లో కంబారిగా ఉండేవాడు. కంబారి అంటే మా వైపు పాలేరు. తండ్రి చేసిన అప్పుకి కొడుకు ఒళ్లు వంచాలి, అప్పు తీరినట్టు ఎవరూ ఎప్పుడూ చెప్పరు. ఒకరోజు ఆయన పశువుల్ని మేత దగ్గరే వదిలేసి, ఈ వెట్టిని తుపాకీతో తెంచుతామని కొండల్లో తిరుగుతున్న దళంలో కలిసిపోయాడు. యాభై ఏళ్లు దాటిన సంగతి. అటు నాటుతుపాకులు, ఈటెలు. ఇటు పోలీసులు, భూస్వాములు కూలికి పెట్టుకున్న కర్రల మూక. ఒడిశా సరిహద్దు పొడవునా, కొండల్లోనూ తోటల్లోనూ, మనుషులు చచ్చారు, ఇళ్లు తగలబడ్డాయి.

ఇప్పుడాయన టెక్కలిలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఉద్దానంలో ఎంతోమందికి ఉన్న కిడ్నీ జబ్బే ఆయనకీ ఉంది. పలాస వెళ్లి రక్తం కడిగించుకుంటాడు. అక్కడ పక్క మంచం మీద ఉండే మత్స్యకారుడొకతను ఈ మధ్య ఒక కబురు చెప్పాడు: "మా అమ్మ ఎర్రమ్మ. నీకు గేపకముంటాదంట. నిన్నో మాటడగాలంట, రమ్మంది."

ఆ కబురు విన్నప్పటి నుంచి తాత సరిగా తినడం లేదు. ఆ మాట ఏమిటో తనకు తెలుసన్నాడు. వెళ్లకపోతే ప్రాణం నిలవదు, వెళితే ముఖం చెల్లదు. ఒక్కతే ఆయన్ని తీసుకెళ్లలేనని కుమారి నన్ను రమ్మంది.

కోటబొమ్మాళి: బస్సు ఆగినంతసేపు

బస్సు టీకి ఆగిన రోజు అక్కడ సంత. చోళ్ల మూటలు, అంటే మా రాగులే, తాటాకు బుట్టలు, ఎండుచేపల గుట్టలు. పనస తొనలు పది రూపాయలకు దోసెడు. మా ఊళ్లో పనసపండు కోస్తే చుట్టాలకి కబురు చేసినంత పని, ఇక్కడ వేరుశనక్కాయల్లా తింటున్నారు. నా పక్క సీటామె అడక్కుండానే నాలుగు తొనలు నా ఒళ్లో పెట్టి, ఎవరింటికి, ఏ ఊరు, పెళ్లయిందా అని మొదలుపెట్టింది. నాకు కొత్తవాళ్లతో మాట పెగలదు. నా తరఫున కుమారి అప్పటికప్పుడు కల్పించి జవాబు చెప్పింది: సంబంధం కుదిరింది, అబ్బాయి ఎస్సై.

ఆమె చటుక్కున పమిట సర్దుకుని కొంచెం అవతలికి జరిగింది. టెక్కలి వరకు ఇంకో మాట అడగలేదు. తొనలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఈ వైపు పాతకాలం మనుషులకి ఆ ఉద్యోగం పేరు వినపడితే ఇప్పటికీ జరిగి కూర్చోవాలనిపిస్తుందని కుమారి నవ్వుతూ చెప్పింది. నాకా పెళ్లికొడుకు కాసేపు నచ్చాడు.

టెక్కలి: తాత

నేను ఊహించుకున్న మనిషి వేరు. ఎన్నో పుస్తకాలు చదివి, ఆ దళాల వాళ్లందరికీ నిప్పుల్లాంటి కళ్లు పెట్టేసుకున్నాను. గున్నయ్య తాత పొట్టిగా, సన్నగా, ఉతికిన తెల్ల చొక్కా పైగుండీ వరకు పెట్టుకుని అరుగు మీద బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. కాళ్ల దగ్గర రెండు సంచులు సర్ది ఉన్నాయి. వాటిలో ఏముందో కుమారి వాళ్లమ్మ పార్వతత్త చెప్పింది: కొత్త చీర, కొబ్బరికాయలు, ఒక పెద్ద నైలాను తాడు చుట్ట.

"తాడెందుకే?" అని కుమారిని చెవిలో అడిగాను. పడవవాళ్లకి పనికొస్తుందని కొన్నాడట.

మధ్యాహ్నం మాకు చోడంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, మెత్తళ్లనే చిన్న ఎండుచేపలు వేయించి పెట్టారు. మా పల్నాటి నోటికి ఇక్కడి కారం చప్పన, కానీ ఆ ఎండు మెత్తళ్ల ఉప్పదనం ముందు మిగతావన్నీ మరిచిపోయాను. తాత కంచంలో మాత్రం ఉప్పులేని అన్నం, ఉప్పులేని బీరకాయ. ఆయన నా కంచం వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. నేను సిగ్గుపడి మెత్తళ్లని అన్నం కింద దాచాను.

"దాసకు తల్లీ, వాసనొచ్చేస్తంది గదా," అన్నాడు. తర్వాత, మీ వైపు కంబారోళ్లకి పండక్కి బట్టలెడతారేటి అని అడిగాడు. పాలేర్లకి పెట్టేవాళ్లని మా నాయనమ్మ చెప్పగా విన్నానన్నాను. ఆయన తల ఊపాడు. "మాకూ ఎట్టీవోళ్ళు. ఆ బట్ట సూసి మా అమ్మ ఏడిసీది. ఇంకో ఏడు కట్టీసినార్రా అనీది."

పలాస: జీడిపిక్క

మర్నాడు తాతని ఆసుపత్రిలో మంచం మీద పడుకోబెట్టి, ఆయన రక్తం కడిగేంతసేపు కుమారి, నేను జీడి బట్టీలు చూడటానికి వెళ్లాం. పలాసలో గాలే జీడి వాసన వేస్తుంది, కమ్మగానూ ఘాటుగానూ. రేకుల షెడ్డులో ఆడవాళ్లు వరసగా కూర్చుని పిక్కల్ని కొడుతున్నారు. వాళ్ల వేళ్లు నల్లగా మాడిపోయి ఉన్నాయి. పెంకులోని జీడి నూనె చేసే పని అది. బూడిద పూసుకున్నా, నూనె రాసుకున్నా పూర్తిగా ఆగదట.

అది వాళ్లు చెప్పేలోపే నేను తప్పు చేసేశాను. ఒక పచ్చి పిక్క నేల మీద కనిపిస్తే, బాదంకాయ కొరికినట్టు పంటితో కొరికాను. నాకెవరూ కొరకమని చెప్పలేదు, కొరకొద్దనీ చెప్పలేదు. కింది పెదవి భగ్గుమంది. అక్కడున్న ఆడవాళ్లంతా పనాపి నవ్వారు. ఒకామె లేచొచ్చి కొబ్బరినూనె రాస్తూ, "సదువుకున్న ఆడగుంటలు జీడిపప్పు సెట్టునే ఒలిసి కాస్తాదనుకుంటారు," అంది. సాయంత్రానికి పెదవి బూరెలా ఉబ్బింది. అసలే మాట్లాడని నేను ఇక మాట్లాడకుండా ఉండటానికి మంచి కారణం దొరికింది.

షెడ్డు యజమాని మర్యాదస్థుడు. గుండు పప్పు ధర విని నేను గుటకలు మింగడం చూసి, బద్దలు తీసుకోమన్నాడు, కూరకి అవే మేలని. ఆసుపత్రి నుంచి తాతని తీసుకుని ఆ దారినే వస్తుంటే, ఎండలో పెద్దాయన్ని నడిపిస్తారేంటని పిలిచి కుర్చీ వేశాడు. మాటల్లో తెలిసింది, ఆయన తాతగారు పక్క ఊరి భూస్వామి అని. దళం వస్తోందని వినగానే పెళ్లాం బిడ్డల్ని బండెక్కించుకుని బరంపురం పారిపోయి, రెండు మూడేళ్లు అక్కడే ఉండిపోయాడట.

"బరంపురంలో ఏ ఈది?" అని తాత అడిగాడు.

యజమాని ఆ వీధి పేరు చెప్పాడు.

"నాను దాని ఎనకాల ఈదిలో రిక్షా లాగినాను. మీ తాతకి బయపడి."

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. తాతకి చివర్లో దగ్గు వచ్చింది. ఒకే సరిహద్దు దాటి, ఒకే ఊళ్లో, ఒకరికొకరు భయపడుతూ దాక్కున్న వాళ్లన్నమాట. యజమాని నా పొట్లంలో ఇంకో గుప్పెడు బద్దలు పోశాడు. తాతకి ఇవ్వబోతే ఆయన అరచేయి అడ్డం పెట్టి, డాక్టరు వద్దన్నాడని చెప్పాడు.

జలంత్రకోట దాటాక

రక్తం కడిగించుకున్న మర్నాడు తాతకి ఒళ్లు తేలిగ్గా ఉంటుంది. అందుకే ప్రయాణం ఆ రోజుకి పెట్టుకున్నాం. ఆటోలో జలంత్రకోట దాటాక రెండు పక్కలా కొబ్బరి, దాని నీడన జీడి, సందుల్లో పనస. ఎండ నేల మీదకి దిగాలంటే దారి వెతుక్కోవాలి. పడమటి వైపు కొండలు నీలంగా ఉన్నాయి. మా వైపు మే నెలలో ఇంత పచ్చదనం చూడాలంటే గోడ మీద క్యాలెండర్ చూడాల్సిందే. బోండాం ముప్పై రూపాయలు. తాత ఆటో ఆపించి మాకు చెరొకటి కొట్టించాడు. ఆయన తాగకూడదు. మేం తాగుతుంటే, లేత కాయ ఇవ్వలేదని బోండాలబ్బాయిని తిట్టాడు.

ఒక చోట ఆటో మెల్లగా పోనిమ్మన్నాడు. అది ఆయన కంబారిగా పని చేసిన కళ్లం. ఇప్పుడక్కడ మంచినీళ్ల ప్లాంటు కట్టారు. బిందెలతో జనం వరసలో ఉన్నారు. ఈ నేలలో నీళ్లే జబ్బుకి కారణమని కొందరంటారు, ఇంకేదో అని కొందరంటారు. తాత ఆ వరస చివరిదాకా చూసి, ఇక పోనిమ్మన్నాడు.

ఆ తర్వాత, ఎర్రమ్మ సంగతి చెప్పాడు. నేను అడగలేదు. ఉబ్బిన పెదవితో ఊరుకుంటే మనుషులు ఇంకా ఎక్కువ చెబుతారని నాకప్పుడే తెలిసింది.

కొండల్లో జరిగిన కాల్పుల్లో ఆయనతో ఉన్న సవర గిరిజన యువకుడికి తొడలో గుండు దిగింది. రోడ్డంతా పోలీసులు, తోటలన్నీ భూస్వాముల మనుషులు. కొండవైపు సరిహద్దు మూసేశారు. ఇద్దరూ తూర్పుకి తిరిగి, సముద్రం ఒడ్డున ఒక పల్లె చేరారు. అక్కడ పోలయ్య అనే అతను, ఎర్రమ్మని కొత్తగా పెళ్లి చేసుకున్నవాడు, వాళ్లని ఇంట్లో దాచి, తెప్ప మీద సముద్రంలోంచి ఒడిశా ఒడ్డుకి చేర్చాడు. నాలుగు దుంగలు తాళ్లతో కట్టిన తెప్ప అది. వాళ్లు బతికారు. సవర అతను మళ్లీ కొండలకే వెళ్లిపోయాడు, తాత బరంపురంలో మిగిలాడు. కొన్నాళ్లకి ఆయనకి తెలిసింది: కర్రల మూక ఆ పల్లె మీద పడి పోలయ్యని చావబాది, తెప్పని రంపంతో ముక్కలు కోసింది.

"తెప్ప నేకపోతే ఆలు ఏటి తింటారు?" అన్నాడు తాత. కేసులు పోయి ఊరికి తిరిగొచ్చాక కూడా ఆ పల్లె వైపు వెళ్లలేదు. ఆ పల్లె ఆడవాళ్లు చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని తోటలోకి వస్తారు, కొబ్బరికాయలకి చేపలు మారుస్తారు. వాళ్ల గొంతు వినపడగానే తాత దొడ్లోకి పోయేవాడని, చిన్నప్పుడు తనకది ఆటలా ఉండేదని కుమారి చెప్పింది. పోలయ్య పోయిన ఏడాది చనిపోయాడు. తాత చూడకుండానే.

"తెప్పడుగుతాది. నాకాడేటుంది?" అని సంచిలోని తాడు చుట్టని తడుముకున్నాడు.

ఒడ్డున

ఆ పల్లె పేరు రాయొద్దని ఎర్రమ్మ చెప్పింది, రాయను. వేట నిషేధం రోజులు. మరపడవలన్నీ ఇసుక మీద పడుకుని ఉన్నాయి. మగవాళ్లు నీడన కూర్చుని వలలకి కన్నాలు కుడుతున్నారు. చిన్న తెప్పలు మాత్రం వెళ్లొస్తున్నాయి. నేను సముద్రం చూడటం అది మొదటిసారి కాదు, కానీ విశాఖలో సముద్రం చూడటానికి వెళతాం. ఇక్కడ దానికి వీపు పెట్టి కూర్చుని పని చేసుకుంటున్నారు.

ఎర్రమ్మ పల్చటి మనిషి. వాకిట్లో చాప పరిచి ఉంది. తాతని చూసి లేవలేదు. కూర్చోమని చేయి చూపింది. తాత చాప అంచున కూర్చుని చీర తీసి పెట్టాడు, కొబ్బరికాయలు పెట్టాడు, తాడు చుట్ట పెట్టాడు. ఆమె తాడు మాత్రం చేతిలోకి తీసుకుని, పేట లాగి చూసి, బాగానే ఉందన్నట్టు పక్కన పెట్టింది. ఆమె కొడుకు, ఆసుపత్రి మంచం అతను, గుమ్మంలో నిలబడ్డాడు.

తాత తలవంచుకుని దారంతా కూడబలుక్కున్నదంతా చెప్పడం మొదలుపెట్టాడు. తెప్ప పోయింది నా వల్ల, పోలయ్యకి దెబ్బలు నా వల్ల. ఆమె మధ్యలోనే ఆపింది.

"తెప్ప పోతే తెప్ప కట్టుకున్నాం. ఆయనా నానూ ఇంకో దానికి సెట్టు కొట్టి తెచ్చుకున్నాం. తెప్ప సంగతి నాను అడిగినానేటి?"

తాత తలెత్తాడు.

"ఆరోజు నాను కూడొండినాను. కవళ్ల సేపల పులుసెట్టినాను. కొత్త కోడల్ని, ఈ ఇంట్లో పరాయోళ్లకి నాను ఎట్టిన మొదటి కూడు. ఆ సవరోడు గుండు దిగిన కాలుతోనే కూకోని తిన్నాడు. నువ్వు కడుపునొప్పన్నావు. నాను నిజమనుకోని వాము నూరి నీళ్లల్లో కలిపి ఇచ్చినాను. అది నువ్వు గోడవతల పారబోసినావు. పొద్దున్న ఇసక మీద సూసినాను." ఆమె గొంతు పెంచలేదు. "కులం నేదు, కంబారీ నేదు, అందరం ఒకటేనని పాటలు పాడి మా ఆయన్ని తిప్పుకున్నావు గదా. మరి మా కూడెందుకు తిన్నేదు? అదీ నానడిగీ మాట."

కుమారి నా చేయి పట్టుకుంది. వలలు కుట్టేవాళ్లు ఇటు చూడటం లేదు, కానీ అందరి చేతులూ ఆగిపోయాయి. తాత మా ఎవరి వైపూ చూడలేదు. రైతుల కులంలో పుట్టినవాడు ఆయన. కంబారిగా పశువుల పాకలో పడుకున్నా, మత్స్యకారుల ఇంట్లో తినకూడదని అమ్మ నేర్పింది, ఆ నేర్పిందొక్కటీ ఒంట్లోంచి పోలేదు. ఈ మాటలు నేను రాస్తున్నవి. ఆయన చెప్పింది ఇంతే:

"సెయ్యి రానేదు ఎర్రమ్మా. పాటలు నోటికొచ్చినాయి. సెయ్యి రానేదు."



"మా ఆయనకి తెలుసు," అంది ఎర్రమ్మ. "నీ ఆకులో కూడు సల్లారిపోతే ఆయనే తీసుకోని తిన్నాడు. తిని ఎల్లి తెప్ప నీళ్లల్లోకి తోసినాడు. ఆలనెక్కించుకోకు అని నాననొచ్చు గదా, నానూ అన్నేదు."

తాత తుండు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు ఎర్రమ్మ లోపలికి చూసి, కోడల్ని కంచాలు తెమ్మంది.

కుమారి గాభరాగా లేచింది. తాతకి ఉప్పు పడదని, చేపా ఎక్కువ తినకూడదని, డాక్టరు చెప్పినవన్నీ వరసగా చెప్పబోయింది. ఎర్రమ్మ గుమ్మంలోని కొడుకు వైపు గడ్డం ఎత్తి చూపింది. "ఆడికీ అదే జబ్బు గదమ్మా. ఈ ఇంట్లో ఉప్పు డబ్బా మూత తీసి ఎన్నాళ్లయినాదో. బయపడకు. రెండు ముక్కలే ఎడతాను."

పొద్దున తెప్ప మీద వచ్చిన కవళ్లు, పులుసు. ఉప్పు లేని చేపల పులుసు ఎలా ఉంటుందో నేను చెప్పలేను. చింతపండు ముందు వస్తుంది, తర్వాత అల్లం, ఆ తర్వాత చేప ఒక్కటే మిగులుతుంది. మూడో ముద్దకి ఉప్పు సంగతి నేను మరిచిపోయాను. ఆ ఇంట్లో అందరం, కొడుకూ కోడలూ ఎర్రమ్మతో సహా, అదే తిన్నాం. తాత మొదటి ముద్ద ఉసిరికాయంత కలిపాడు. తర్వాతవి పెద్దవి. రెండు ముక్కలూ తిని, పులుసు అన్నంలో కలుపుకుని, కంచం ముందుకు తోశాడు. ఎర్రమ్మ కుమారి వైపు చూసింది. కుమారి కళ్లు తుడుచుకుంటూ ఒక్క వేలు చూపింది. ఇంకో ముక్క పడింది.

"కడుపునొప్పి తగ్గినాదేటి బావా?" అంది ఎర్రమ్మ. వల కుట్టేవాళ్లలో ఎవరో ఫక్కున నవ్వారు.

మా ఇంట్లో అతిథిని తిన్న కంచం ఎత్తనివ్వం, అది ఇంటివాళ్లకి అవమానం. ఇక్కడా అంతే. కానీ తిన్నాక తాత తన కంచం తీసుకున్నాడు, వంగి ఎర్రమ్మ కంచం కూడా తీసుకున్నాడు. కోడలు అడ్డం వెళ్లబోయింది. ఎర్రమ్మ ఆమెని ఆపింది. తాత కుళాయి దగ్గర గొంతుకూర్చుని, ఇసుకతో రెండు కంచాలూ తోమి, కడిగి, తుండుతో తుడిచి తెచ్చాడు. ఎర్రమ్మ తన కంచం ఎండకి పట్టి, ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

"అంచున జిడ్డుంది," అని వెనక్కి ఇచ్చింది. "మళ్లీ తోము."

తాత మళ్లీ కుళాయి దగ్గరికి వెళ్లాడు.